చదరంగం గళ్ల గింజల లెక్క: పద్యం ఒకటి చెబుతోంది, కంప్యూటర్ ఇంకోటి చెబుతోంది

లెక్కల టీచర్, నరసరావుపేట

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడో తరగతికి ఘాతాంకాలు ఎప్పుడు మొదలుపెట్టినా చదరంగం కథతోనే మొదలుపెడతాను. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపాలి. ఈసారి ఉత్త కథ చెప్పి ఊరుకోకుండా ఇంట్లో వండుకునే బీపీటీ బియ్యం, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా క్లాసుకు పట్టుకెళ్లాను. పిల్లలు నలుగురు నలుగురుగా నేల మీద కూర్చుని లెక్కపెట్టారు. పదకొండో గడికి 1024 గింజలు. అవి గడిలో పట్టక చుట్టుపక్కల గళ్లలోకి జారిపోయాయి. అప్పుడు వెయ్యి గింజలు తూస్తే 11 గ్రాములు తూగాయి. అక్కణ్నుంచి లెక్కపెట్టడం మానేసి తూకంతోనే పోయాం. 21వ గడి దాకా మొత్తం 20,97,151 గింజలు, అంటే 23 కిలోలు. పాతిక కిలోల బస్తా దాదాపు అయిపోయినట్టే. ఇంకా 43 గళ్లు మిగిలే ఉన్నాయి.

మొత్తం ఎంతో చూద్దామని స్టాఫ్ రూం కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ తెరిచి 2⁶⁴ − 1 లెక్క వేశాను. 18446744073709600000 అని చూపించింది. అదే తెచ్చి బోర్డు మీద రాశాను. వెనక వరసలో కూర్చునే అమ్మాయి, మామూలుగా నోరు విప్పని పిల్ల, లేచి నిలబడి అడిగింది. "టీచర్, మొదటి గడిలో ఒక్కటే గింజ కదా. మిగతా గళ్లలో అన్నీ సరి సంఖ్యలే. అన్నీ కలిపితే బేసి సంఖ్య రావాలి. చివర సున్నా ఎట్లా వచ్చింది?"

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఇంత సూటి ప్రశ్న ఈ పాఠంలో నన్నెవరూ అడగలేదు. రేపు చెబుతానమ్మా అన్నాను.

మా తాతయ్య కరణీకం చేసేవారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఒక పద్యం చదివేవారు. అందులో ఈ చదరంగం లెక్కంతా ఉందనీ, అది పావులూరి మల్లన పద్యమనీ అనేవారు. ఆయన నోటు పుస్తకం మా దగ్గరే ఉంది. సంఖ్య ఉన్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను:

శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాగ్నిభూ
ధరగగనాబ్ధివేదగిరితర్కపయోనిధిపద్మజాస్యకుం
జరతుహినాంశు సంఖ్యకు...

మాటకొక అంకె చొప్పున వేసి, చివరి నుంచి మొదటికి రాస్తే నాకు 18476747073709551615 వచ్చింది. సముద్రాలు ఏడు కాబట్టి అబ్ధికీ పయోనిధికీ 7 వేశాను. కంప్యూటర్ సంఖ్యతో పోలిస్తే మొదట్లోనే తేడా కనిపిస్తోంది, చివర్లో అసలు పొంతనే లేదు. తప్పు నా అంకెల్లో ఉందా, పద్యంలో ఉందా, కంప్యూటర్లో ఉందా? పిల్లలు కాగితం పెన్సిలుతో తేల్చుకోగల దారి ఉంటే చెప్పండి. ఫలానా చోట రాసి ఉంది అని చెబితే ఆ పిల్లకు సరిపోదు.


పద్యప్రియుడు, రాజమండ్రి

అమ్మా, మీ తాతగారి పద్యం చక్కగా ఉంది. సముద్రాల దగ్గరే మీరు తడబడ్డారు. పురాణాల్లో సప్తసముద్రాలు నిజమే. కానీ ఇలా మాటలతో అంకెలు చెప్పే భూతసంఖ్యల పద్ధతిలో సముద్రమంటే నాలుగు. ప్రవర చెప్పేటప్పుడు "చతుస్సాగర పర్యంతం" అంటారే, ఆ లెక్క. అబ్ధికీ పయోనిధికీ 4 వేసి మళ్లీ రాయండి.

మిగతావి కూడా ఒకసారి సరిచూసుకోండి. శర, సాయక అంటే మన్మథుడి బాణాలు, 5. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చంద్రుడే, 1. రంధ్రాలు శరీరానికి తొమ్మిది. "వియన్నగాగ్ని" దగ్గర చాలామంది ఆగిపోతారు. అది వియత్, నగ, అగ్ని అని మూడు మాటలు: ఆకాశం 0, కొండ 7, అగ్ని 3. భూధరం, గిరి కూడా కొండలే, కులపర్వతాలు ఏడు. తర్కం 6. పద్మజాస్యమంటే బ్రహ్మగారి ముఖం, 4. కుంజరం అంటే దిగ్గజాలు, 8. "అంకానాం వామతో గతిః" అన్నారు కాబట్టి ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తూ పోవాలి. అప్పుడు వచ్చేది

18446744073709551615

మన లెక్కలో చదివితే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై అయిదు లక్షల యాభై ఒక వెయ్యి ఆరు వందల పదిహేను.

పావులూరి మల్లన 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు. తెలుగులో గణితం చెప్పిన తొలి కవి. 20 అంకెలు తాటాకు మీద అంకెలుగానే రాస్తే ఒక గీత చెరిగినా సంఖ్య మారిపోతుంది. పద్యంలో పెడితే అంత సులువుగా చెడదు. ఇది చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, న జ భ జ జ జ ర గణాలు. మొదటి పాదంలో శకారానికి పదకొండో అక్షరం "సా" యతి కుదిరింది, రెండో పాదంలో ధకారానికి "త" కుదిరింది. ప్రాస రేఫ. నకలు రాసేవాడు ఒక మాట వదిలేస్తే చదివేవాడి చెవికి వెంటనే తెలిసిపోతుంది.

మీ 21వ గడి గురించి చదవగానే నాకు ఇంకొకటి తోచింది. ఒక్కో అక్షరం గురువో లఘువో కావచ్చు కాబట్టి, 21 అక్షరాల పాదాన్ని ఎన్ని రకాలుగా నడపొచ్చు అంటే 2²¹, అంటే 20,97,152 రకాలుగా. ఆ ఛందం పేరు ప్రకృతి. చంపకమాల అందులో 711600వ వృత్తమని లక్షణకర్తలు చెబుతారు. మీ బల్ల మీద 22వ గడిలో పోయాల్సిన గింజలు కూడా సరిగ్గా 20,97,152. రెట్టింపుల లెక్క చెప్పే పద్యం తాను కూడా రెట్టింపుల లెక్కలోంచే వచ్చిన వృత్తంలో కూర్చుంది!


కోడ్ రాసేవాడు, డల్లాస్

టీచర్ గారూ, మీ విద్యార్థినికి నా తరఫున చప్పట్లు కొట్టండి. ఆ అమ్మాయి అడిగింది అక్షరాలా నిజం.

మీ స్ప్రెడ్‌షీట్‌లో జరిగినవి రెండు వేర్వేరు విషయాలు. అది సంఖ్యల్ని 64 బిట్ల బైనరీ రూపంలో దాచుకుంటుంది (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు). ఆ 64లో సంఖ్య అంకెల కోసం దొరికే ఖచ్చితత్వం 53 బిట్లే. 2⁶⁴ దగ్గరికి వచ్చేసరికి అది చెప్పగల పక్కపక్క సంఖ్యల మధ్య దూరం కిందివైపు 2048, పైవైపు 4096. అలాంటి చోట ఒకటి తీసేయమంటే, అది తీసేయడానికి చోటే లేదు. 2⁶⁴ − 1 అడిగితే 2⁶⁴ అనే చెబుతుంది. అంటే మీ అమ్మాయి అడిగిన ఆ బేసితనం ఇక్కడే పోయింది. రెండోది, తెర మీద 15 అంకెల వరకే చూపించి తర్వాతవన్నీ సున్నాలు చేస్తుంది. 184467440737095 తర్వాత 51616 ఉంది కాబట్టి 95ను 96 చేసి, వెనక అయిదు సున్నాలు పెట్టింది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలకు ఇలాంటి హద్దు లేదు. అందులో అడిగి చూశాను, పద్యంలో ఉన్న 20 అంకెలూ తు.చ. తప్పకుండా వచ్చాయి.

మా పనిలో ఈ సంఖ్య రోజూ ఎదురవుతుంది. 64 బిట్లూ ఒకట్లతో నిండితే వచ్చే విలువ ఇదే, ప్లస్ మైనస్ గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకానికి ఇదే ఆఖరి హద్దు. ఇంకొకటి కలిపితే తిరిగి సున్నా. గడికొక బిట్ అనుకుంటే ఆ చదరంగం బల్లే మా 64 బిట్ల గది. పదిహేనేళ్లుగా ఈ సంఖ్యను చూస్తున్నాను, తెలుగు పద్యంలో ఉందని ఇవాళే తెలిసింది. మా పిల్లలకు నేర్పించడానికి రాసి పెట్టుకున్నాను.


రైస్ మిల్లు, మిర్యాలగూడ

టీచర్ గారు చెప్పిన తూకంతో మొత్తం లెక్క కట్టిన. వెయ్యి గింజలు 11 గ్రాములైతే 64 గళ్లకు 20 వేల కోట్ల టన్నుల పైమాటే. 25 కిలోల బస్తాలు సుమారు 8 లక్షల కోట్లు. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే 400 ఏండ్ల పంట. ఒక్క మాట, బీపీటీ సన్న గింజ. 1010 రకం తీసుకుంటే గింజ పొడుగు, బరువు ఎక్కువ. తూకం ఇంకా పెరుగుతది. నూకలు ఏరేసి నిండు గింజలే లెక్కపెట్టించిండ్రా?


విశ్రాంత లెక్చరర్, హన్మకొండ

అమ్మా, కాగితం పెన్సిలుతో తేల్చాలన్నారు. అదే సరైన దారి.

ముందు సముద్రాల సంగతి. మీ చేతిలో రెండు సంఖ్యలున్నాయి, ఒకటి 4తో, ఒకటి 7తో. పద్యం తెలియనివాడు కూడా ఏది తప్పో చెప్పగలడు. తొమ్మిదితో భాగించి శేషం చూడండి. 64ను 9తో భాగిస్తే శేషం 1. 64 అంటే 2⁶. కాబట్టి 2⁶⁰కి కూడా శేషం 1. మిగిలిన 2⁴ అంటే 16, దాని శేషం 7. అందులోంచి ఒకటి తీస్తే 6. అంటే సరైన సంఖ్యకు శేషం 6 రావాలి. 4 వేసిన సంఖ్యలో అంకెల మొత్తం 87, శేషం 6. కుదిరింది. 7 వేసిన దాంట్లో అంకెల మొత్తం 93, శేషం 3. కుదరలేదు. ఇక్కడ పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పండి. మూడుతో మాత్రమే పరీక్షిస్తే రెండు సంఖ్యలూ నిశ్శేషంగా పోతాయి, తప్పు దొరకదు. 11తో కూడా చేయించండి. 32కు 11తో శేషం 10, అంటే −1. కాబట్టి 2¹⁰కి 1, 2⁶⁰కీ 1, 16కు 5, ఒకటి తీస్తే 4. కుడి నుంచి అంకెల్ని ఒకటి కలిపి ఒకటి తీసి పోతే 4 వేసిన సంఖ్యకు 37 వస్తుంది, శేషం 4. 7 వేసినదానికి 43, శేషం 10.

ఇక అసలు సంఖ్య. 63 సార్లు రెట్టింపు చేయించకండి, పిల్లలు మధ్యలో తప్పుతారు. పింగళుడు ఛందశ్శాస్త్రంలోనే దీనికి దగ్గరి దారి చెప్పాడు: సగం చేయగలిగినప్పుడు సగం చేసుకో, తిరిగి వచ్చేటప్పుడు వర్గం చెయ్యి. 64కు ఆరు సార్లు సగం చేస్తే 1 మిగులుతుంది. అంటే 2 నుంచి మొదలుపెట్టి ఆరు వర్గాలు చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాత మనకు కావలసింది. ఆఖరి వర్గాన్ని 42949, 67296 అని రెండు ముక్కలు చేసి (అ + ఆ)² సూత్రంతో చేయించండి. మీ తరగతికి అది కొత్తయితే గీతల గడి గీసి చూపండి.

42949 వర్గం 1844616601.
రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808.
67296 వర్గం 4528751616.

మొదటిదాని వెనక పది సున్నాలు, రెండోదాని వెనక అయిదు సున్నాలు పెట్టి మూడూ కలిపితే 18446744073709551616. ఒకటి తీసేయండి. తాతగారి పద్యం వస్తుంది.

ఇంతవరకు మీరడిగినది. ఈ సంఖ్య గురించి ఇంకా చెప్పకుండా ఉండలేను, నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. దీన్ని విప్పడానికి ఎనిమిదో తరగతి సూత్రం చాలు: అ² − 1 = (అ − 1)(అ + 1). 2⁶⁴ − 1 అంటే (2³² − 1)(2³² + 1). మొదటి ముక్కను మళ్లీ అలాగే విప్పండి, మళ్లీ విప్పండి. చివరికి

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మిగులుతాయి. అన్నీ రెండు ఘాతానికి ఒకటి కలిపినవే. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరోది కూడా, ఆ వరసలో వచ్చేవన్నీ కూడా ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆరోదాన్ని పగలగొట్టాడు: 4294967297 = 641 × 6700417. ఫెర్మా అంతటివాడి నమ్మకం మూడంకెల సంఖ్య దగ్గర ఆగిపోయింది.

641 దీన్ని ఎందుకు భాగిస్తుందో భాగహారం చేయకుండానే చూపవచ్చు. నా సర్వీసులో పిల్లల ముఖాలు వెలిగే పాఠాలు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. 641ని రెండు రకాలుగా రాయండి. ఒకటి 5 × 128 + 1, అంటే 5 × 2⁷ + 1. రెండు 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి, 641తో భాగించే చోట 5 × 2⁷ అన్నా −1 అన్నా ఒకటే. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ అన్నా 1 అన్నా ఒకటే. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. అప్పుడు −2³² అన్నా 1 అన్నా ఒకటే. అంటే 2³² + 1కి శేషం సున్నా. అయిపోయింది. ఒక్క పెద్ద గుణకారం కూడా చేయలేదు చూడండి.

కాబట్టి మన సంఖ్య ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం, ఒక్కోటి ఒక్కసారే. ఏడింటిలో ఒక్కోటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కనక దాని భాజకాలు 2⁷, అంటే 128. సరిగ్గా రెండు చదరంగం బల్లల గళ్లు. ఎనిమిదో గడిలో గింజలు కూడా అన్నే.

ఆ మొదటి అయిదు ప్రధాన సంఖ్యల లబ్ధం 4294967295, అంటే చదరంగం బల్లలో మొదటి సగం మీద పట్టే గింజలు. 1796లో 18 ఏళ్ల గౌస్ 17 భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని నిరూపించాడు. ఆయన దారిలో పోతే, ఆ రెండు పరికరాలతోనే గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల క్రమబహుభుజుల్లో అన్నిటికంటే పెద్దదానికి భుజాలు 4294967295. ఇలాంటివి మనకు తెలిసినవి 31, అన్నీ ఈ సంఖ్య భాజకాలే. బియ్యపు గింజలు పోస్తూ పోతే నాలుగో వరస చివర వచ్చే మొత్తం అక్కడికి చేరుతుంది.


లెక్కల టీచర్, నరసరావుపేట

అందరికీ చేతులెత్తి నమస్కారం. మాస్టారూ, మీ జవాబు రెండుసార్లు చదివి, నోట్సులో ఎత్తి రాసుకున్నాను. రాజమండ్రి వారూ, ఇప్పుడు తాతయ్య పుస్తకంలో ప్రతి మాట మీదా పెన్సిలుతో అంకె వేసుకున్నాను. మిర్యాలగూడ అన్నగారూ, నూకలు ఏరించే లెక్కపెట్టించాను, అందుకే ఒక పీరియడ్ పట్టింది.

ఇవాళ క్లాసులో తొమ్మిది పరీక్షతో మొదలుపెట్టాను. రెండు సంఖ్యలూ బోర్డు మీద రాసి, ఏది తప్పో మీరే చెప్పండన్నాను. అంకెలు కూడి ఐదు నిమిషాల్లో తేల్చేశారు. తర్వాత ఆరు గుంపులుగా విడదీసి ఆఖరి వర్గం ఇచ్చాను. మూడు గుంపులకు మొదటిసారే వచ్చింది. రెండు గుంపులు అయిదు సున్నాలు పెట్టాల్సిన చోట నాలుగు పెట్టాయి. ఒక గుంపుకు 67296 వర్గంలో తేడా వచ్చింది. సున్నాల తప్పు తొమ్మిది పరీక్షకు దొరకదు కాబట్టి దాన్ని పదకొండుతో, వర్గంలో తప్పును తొమ్మిదితో శేషం చూసుకుని ఎవరి తప్పు వాళ్లే పట్టుకున్నారు. నేను చెప్పాల్సిన పని పడలేదు.

బోర్డు మీద 18446744073709551616 పడగానే ఆ వెనక వరస అమ్మాయి, "ఇది సరి సంఖ్య టీచర్, ఒకటి తీసేయాలి" అంది. వచ్చి తనే 6 చెరిపి 5 రాసింది. అప్పుడు తాతయ్య పద్యం చదివాను. చంద్రుడు, బాణాలు, కొండలు ఒక్కో అంకె మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు పోయాం. "కుంజర" దగ్గర అందరూ ఒకేసారి ఎనిమిది అన్నారు.

641 గురించి పీరియడ్ ఆఖర్లో చెప్పాను. నిరూపణ తర్వాత చేద్దాం, ముందు భాగహారం చేసి చూస్తామన్నారు. 4294967297 నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఇద్దరు అప్పటికే 6700 దాకా వచ్చారు, ఇంతలో గంట కొట్టారు.